పటం వెనక కాగితాలు

మన పత్రికలో ఏడాదికి ఒకటి రెండుసార్లయినా సరిహద్దు గీత మీద ఒక వ్యాసమో, కథో, గేయమో వస్తుంది. బరంపురం వారు రాస్తే 1936, బళ్లారి వారు రాస్తే 1953, తిరుత్తణి, హోసూరు వారు రాస్తే 1956, 1960. యానాం మిత్రులది కొంచెం వేరే కథ, వారి గీత ఫ్రెంచి వాళ్ల నాటిది. ఊరేదైనా ధోరణి మాత్రం ఒక్కటే. ఎవరో ఒక పెద్దమనిషి బల్ల మీద పటం పరచుకుని పెన్సిలుతో గీత గీశాడు, మనం అవతల పడ్డాం. ఇలాంటివి నేనూ రెండు రాశాను. అచ్చయినప్పుడు సంతోషించాను కూడా.

ఈమధ్య పటాల చరిత్ర మీద కొన్ని పుస్తకాలు చదివాక ఆ ధోరణి మీద నాకే అనుమానం పుట్టింది. దాన్ని పాఠకుల ముందు పెట్టడానికే ఈ నాలుగు మాటలు. నేను చరిత్రకారుణ్ణి కాను, సాహిత్య విమర్శలో పండితుణ్ణీ కాను. బి.కాం. చదివి, బ్యాంకులో చేరి, ముప్పై ఏళ్లుగా అప్పుల దస్తావేజులు తిరగేస్తున్నవాణ్ణి. కాబట్టి నా పోలికలు కూడా ఆ బల్ల మీద నుంచే వస్తాయి. మన్నించాలి.

కామర్సు విద్యార్థికి మొదటి ఏడాదే ఒక మాట నూరిపోస్తారు. బ్యాలెన్స్ షీటు ఒక్కటే చూసి ఒక సంస్థ గురించి అభిప్రాయానికి రావద్దు, వెనక ఉన్న షెడ్యూళ్లు, నోట్సు చదవాలి. ముందు పేజీలో 'బాకీదారులు' అని ఒక పంక్తి, ఎదురుగా ఒక మొత్తం ఉంటుంది. ఆ బాకీదారులెవరు, ఎన్నాళ్లుగా బాకీ, అందులో రానిబాకీ ఎంత అన్న సంగతి లోపలి కాగితాల్లో ఉంటుంది. ముందు పేజీ అబద్ధం చెప్పదు, కూడి చెబుతుంది. ఆ కూడికలో మనిషి కనబడడు. పటం కూడా అటువంటి కూడికేనని నాకు తోస్తోంది.

బ్రయన్ హార్లీ అనే ఇంగ్లీషు పండితుడు 1989లో 'డీకన్‌స్ట్రక్టింగ్ ది మ్యాప్' అని ఒక వ్యాసం రాశాడు. పటాల చరిత్ర చదివేవాళ్లకు అది మనకు గిడుగు వారి వాదం లాంటిది. ఒప్పుకున్నా, కాదన్నా దాన్ని పక్కన పెట్టి ముందుకు పోవడానికి లేదు. ఆయన చెప్పేది క్లుప్తంగా ఇది: పటం నేలకు పట్టిన అద్దం కాదు, ఒక రచన. దానికీ అలంకారాలున్నాయి, దానికీ పక్షపాతం ఉంది. అది చెప్పినదాని కంటే చెప్పకుండా మిగిల్చినది ఎక్కువ మాట్లాడుతుంది. దొరగారి కోటను పెద్ద గుర్తుతో చూపి, పక్కనున్న గుడిసెలను వదిలేస్తే అది కొలతలో జరిగిన పొరపాటు కాదు, ఆ సమాజపు మర్యాద పటంలోకి ఎక్కడం.

దీనికి ఉదాహరణ వెతుక్కోవడానికి మనం దూరం పోనక్కరలేదు. జేమ్స్ రెన్నెల్ 1767లో బెంగాలుకు సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1782లో ఇంగ్లండులో వెలువడిన అతని హిందుస్థాన్ పటంలో పేరు రాసిన చోట ఒక బొమ్మ వేశారు. బ్రిటానియా దేవి నిలబడి ఉంటుంది, ఒక బ్రాహ్మణ పండితుడు తన శాస్త్ర గ్రంథాన్ని ఆమెకు సమర్పిస్తుంటాడు. నదులు, కొండలు, రాజ్యాల పేర్లు అన్నీ చదివినా తెలియని విషయం ఆ చిన్న బొమ్మ చెప్పేస్తుంది. పుస్తకం వీళ్లది, ఇకమీదట దాన్ని భద్రపరిచేది, అర్థం చెప్పేది మేము. ఆ పండితుడికి పేరు లేదు. ఉండనక్కరలేదు, బొమ్మకు కావలసింది మనిషి కాదు, వంగిన నడుము.

ఇంతవరకు హార్లీతో నాకు పేచీ లేదు. మాథ్యూ ఎడ్నీ 1997లో 'మాపింగ్ యాన్ ఎంపైర్' అనే గ్రంథంలో మన దేశపు సర్వేలను తీసుకుని ఈ వాదాన్ని ఇంకొంత సవరించాడు. దొరలు చెప్పుకున్నంత నిర్దుష్టంగా ఆ సర్వేలు సాగలేదని, అడుగడుగునా సర్దుబాట్లేనని చూపించాడు. ఇది చదువుతుంటే నాకు లాంబ్టన్ కథ గుర్తొచ్చింది. 1802లో మద్రాసు పరంగిమల దగ్గర ఏడున్నర మైళ్ల ఆధారరేఖ కొలిచి త్రికోణ సర్వే మొదలుపెట్టినవాడు ఆయన. 1808లో తంజావూరు పెద్దగుడి మీదికి అర టన్ను బరువున్న థియొడలైట్ ఎక్కిస్తుంటే తాడు తెగి అది దెబ్బతిన్నది. దాన్ని తనే బాగుచేసుకుని మళ్లీ పని సాగించాడు. తప్పులేని గీత వెనక తెగిన తాడు ఉంది. ఎడ్నీ పుస్తకం మెచ్చుకోదగ్గది, అయితే చదవడం మాత్రం రాతి మీద నడకే.

నా పేచీ ఎక్కడంటే, హార్లీ దారిన నడిచేవాళ్లు ఎక్కువగా పటాన్నే చదువుతారు. పటం తయారవుతున్నప్పుడు దాని పక్కన పుట్టిన కాగితాల కట్టలను అంత ఓపికగా విప్పరు. విప్పినా అవీ ప్రభుత్వం వారి కాగితాలేగా అని ఒక్క మాటతో సరిపెడతారు. మనకు ఆ వెసులుబాటు లేదు. ఎందుకంటే ఆ కాగితాలలో ఎన్నో తెలుగులో ఉన్నాయి.

1799లో శ్రీరంగపట్నం పడిపోయాక మైసూరు రాజ్యాన్ని కొలిచే పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. సుమారు 40 వేల చదరపు మైళ్లు. గొలుసులు, దుర్భిణీలు సరే, వాటితోపాటు ఆయన వెంట ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు ఉన్నారు. వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. బొర్రయ్య 1803లోనే, చిన్న వయసులో పోయాడు. ఆ బాధ్యత లక్ష్మయ్య మీద పడింది. వీళ్లూ, వీళ్ల కింద పనిచేసిన గుమాస్తాలూ ఊరూరా తిరిగి కరణాలను, పూజారులను, పెద్దవాళ్లను అడిగి, శాసనాలకు నకళ్లు తీసి, దండకవిలెలు చూసి రాసుకొచ్చినవే కైఫీయత్తులు. నేల కొలవడానికి బయలుదేరిన సర్వే ఒకటి, మన స్థానిక చరిత్రకు ఇంత పెద్ద భండారాన్ని కూడబెట్టి పోయింది.

ఒక కైఫీయత్తు చదివి చూడండి. కడపలోని బ్రౌన్ పరిశోధన కేంద్రం వారు ఆ జిల్లావి సంపుటాలుగా అచ్చువేశారు. అందులో ఊరు చుక్క కాదు. అడవి కొట్టించి ఊరు కట్టించినవారెవరు, గుడి ఎవరి ప్రతిష్ఠ, చెరువు ఎవరి పేరిట వెలిసింది, కరణీకం ఏ ఇంటివారిది, ఏ రాజు కాలంలో మాన్యం దక్కింది, ఏ నవాబు హయాంలో అది పోయింది, అన్నీ ఒకే ఊపిరిలో, విరామచిహ్నాల బెడద లేకుండా సాగిపోతాయి. భాష కచేరీ తెలుగు, సగం ఫారసీ మాటలు. మొదటి పేజీ విసుగనిపిస్తుంది. నాలుగో పేజీకి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఎవరో చెబుతుంటే వింటున్నట్టుంటుంది.

అయితే వాటిని నెత్తిన పెట్టుకోవడమూ తగదు. కరణం చెప్పిన చరిత్ర కరణం వైపే ఒరుగుతుంది. తన మాన్యానికి పనికివచ్చే రాజు గొప్పవాడు, పనికిరాని రాజు దుర్మార్గుడు. ఊరి చివర వాడల్లో ఉన్నవాళ్లను ఎవరూ కూర్చోబెట్టి అడిగిన జాడ పెద్దగా కనబడదు. ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే మా ఇల్లూ కరణాల ఇల్లే.

మా బ్యాంకుకు తాకట్టు కోసం వచ్చే దస్తావేజుల చివర షెడ్యూలు ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం రాశాక నాలుగు హద్దులు రాస్తారు. తూర్పున ఫలానా గౌడు గారి చేను, దక్షిణాన వాగు పోరంబోకు, పడమర ఫలానా వారి వారసుల బావి, ఉత్తరాన బండిబాట. సర్వే పటంలో అవి నాలుగు గీతలు. షెడ్యూలులో ప్రతి గీతకూ ఒక పేరు, చాలాసార్లు అది పక్కవాడి పేరు. విస్తీర్ణానికీ హద్దులకూ తేడా వస్తే కోర్టులో సాధారణంగా హద్దులే నెగ్గుతాయని మా లా ఆఫీసరు మొదటిసారి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. అంకె కంటే మాట గట్టిదా అనుకున్నాను. కామర్సు చదివినవాడికి అది మింగుడుపడే విషయం కాదు. తర్వాత తర్వాత అర్థమైంది, గొలుసు సాగవచ్చు, గుమాస్తా తప్పు రాయవచ్చు, పక్క చేనువాడు మాత్రం తన గట్టు ఎక్కడుందో మరచిపోడు. కైఫీయత్తు చేసిన పని ఇదే. ఊరికి హద్దులు మాటల్లో రాసింది.

1816లో థామస్ హికీ అనే చిత్రకారుడు మెకంజీ నిలువెత్తు చిత్రం వేశాడు. ఎర్రకోటు తొడిగిన దొర పక్కన ముగ్గురు స్వదేశీయులు. ఒకరి చేతిలో తాటాకు గ్రంథం, ఒకరి చేతిలో దుర్భిణి. ఆ ముగ్గురిలో ఒకరు మన లక్ష్మయ్య. రెన్నెల్ పటం మూల బొమ్మనూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే 34 ఏళ్లలో ఏదో మారిందనిపిస్తుంది. అక్కడ పండితుడు పుస్తకం ఇచ్చేసి తప్పుకున్నాడు, ఇక్కడ పుస్తకం పట్టుకునే నిలబడ్డాడు. కానీ అంతలోనే సంబరపడకూడదు. మెకంజీ 1821లో కన్నుమూశాక ఆయన సేకరణను కంపెనీ వారు లక్ష రూపాయలకు కొన్నారు. ఆ పని తాను కొనసాగిస్తానని, సాయం చేయమని లక్ష్మయ్య అడిగితే, ఇంతటి పనికి ఒక స్వదేశీయుడు సారథ్యం వహించలేడని కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ వారు తోసిపుచ్చారు. కాగితాలకు లక్ష కట్టినవాళ్లు, ఆ కాగితాలు తెచ్చినవాడికి ఏమీ కట్టలేదు.

తమ్ముడు రామస్వామి కథ మన పత్రిక పాఠకులకు ఇంకా దగ్గరిది. ఏలూరు వాడు కలకత్తాలో స్థిరపడ్డాడు, అంటే మనలాగే బయటి తెలుగువాడు. 1828లో దక్కనులోని పట్టణాల గురించి, స్థలాల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేశాడు. ప్రాచీన దక్కను పటానికి తోడుగా చూసుకోవడానికని పుస్తకం పేరులోనే చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది దక్కను కవుల జీవితాలు వేశాడు. వరస గమనించండి. పటం, దాని వెంట ఊళ్లు, ఊళ్ల వెంట కవులు. ఆ కవుల పుస్తకంలో పుక్కిటి పురాణాలు చాలానే ఉన్నాయి, పరిశోధకులు నవ్వుకుంటారు. అయినా పటాన్ని ఒంటరిగా బయటికి పంపకూడదన్న ఇంగితం ఆయనకు ఉంది.

ఇంకొక ఉదాహరణతో అసలు విషయానికి వస్తాను. గ్రియర్సన్ 'లింగ్విస్టిక్ సర్వే ఆఫ్ ఇండియా' పని 1894లో మొదలై, 1903 నుంచి 1928 దాకా సంపుటాలుగా వెలువడింది. అంత పెద్ద సర్వేలో మద్రాసు రాష్ట్రం లేదు, హైదరాబాదు లేదు, మైసూరు లేదు. అంటే తెలుగుకు నట్టిల్లు అనదగ్గ చోటు ఏదీ ఆ సర్వే కిందికి రాలేదు. 1906లో వచ్చిన నాలుగో సంపుటం ముండా, ద్రావిడ భాషలది, రాసినవాడు స్టెన్ కోనో. అందులో తెలుగు వ్యాకరణ పరిచయం ఉంది. తెలుగు మాండలికాలుగా ఎక్కినవి మాత్రం వడరి, కామాఠి, సాళేవారీ, కోమటావు, దాసరి వంటివి. బొంబాయి, మధ్యపరగణాల వైపు రాళ్లు కొట్టడానికి, మగ్గం నేయడానికి, బేరం చేసుకోవడానికి వెళ్లిన తెలుగువాళ్ల మాటలు! నట్టిల్లు లేదు, ఉన్నది వసారా. బొంబాయిలో కామాఠీపురా ఎవరి పేరు మీద వెలిసిందో చెప్పడానికి సిగ్గుపడే మనవాళ్లు ఈ సంపుటం ఒకసారి చూడాలి.

నేను షోలాపూరులో పనిచేసిన మూడేళ్లూ పద్మశాలీల ఇళ్లలో విన్న తెలుగును 'చెడిపోయిన తెలుగు' అని మనసులో అనుకున్నవాణ్ణే. కోనో దాన్ని చెడిపోయిందనుకోలేదు, రాసుకున్నాడు. అతని పద్ధతిలో లోపం లేదని కాదు. ఆ పేర్లన్నీ కులం పేర్లు, వృత్తి పేర్లు. మనుషుల మాటను విన్నాడా, వాళ్ల జాతిని జాబితాలో వేశాడా అన్న అనుమానం ఉండనే ఉంది. ఇందులో ఒక విశేషం: ఆ సర్వేలో ప్రతి భాషలోకీ అనువదించి పంపమన్న నమూనా బైబిల్లోని తప్పిపోయిన కుమారుని కథ. ఇల్లు విడిచి దూరదేశం పోయినవాడి కథ.

ఆ సర్వేలో పటాలు కూడా ఉన్నాయి. అయితే గ్రియర్సన్ స్వయంగా పాఠకులకు ఒక హెచ్చరిక చేశాడు. మన భాషలు ఒకదానిలోకి ఒకటి నెమ్మదిగా కలిసిపోతాయని, పటంలో చూపిన హద్దులు, నిశ్చయంగా లేని స్థితిని నిశ్చయంగా చూపడానికి చేసుకున్న ఏర్పాటు మాత్రమేనని. బ్యాలెన్స్ షీటు కింద చిన్న అక్షరాల్లో వేసే నోటు ఇలాగే ఉంటుంది. తర్వాతివాళ్లు పటాన్ని మాత్రం అట్టేపెట్టుకుని నోటు చించేశారు. చించినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 1911-12 ప్రాంతంలో జొన్నవిత్తుల గురునాథం, ఉన్నవ లక్ష్మీనారాయణ ప్రభృతులు తెలుగు జిల్లాలన్నీ కలిపి ఆంధ్రదేశ పటం తయారు చేసినప్పుడు దానికి కావలసింది నోటు కాదు, నిండు రంగు. ఉద్యమానికి రంగే కావాలి, తప్పు పట్టను. కానీ మనం నింపిన రంగులో కూడా కన్నడిగులు, ఒరియావారు, గోండులు అడుగున పడ్డారని ఒప్పుకోవాలి. పక్కవాళ్లు తమ పటానికి రంగు వేసినప్పుడు మనం అడుగున పడ్డాం. రెండూ ఒకటే బ్రష్షు.

1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం ఒక లెక్క చెప్పింది. నూటికి 70 మంది ఒకే భాషవారైతే అది ఏకభాషా రాష్ట్రం, 30 మంది దాకా వేరే భాషవారుంటే పాలనకు రెండు భాషలు. 29 మంది ఉన్నచోట ఏమిటని అడగకూడదు. మా వాడుకలో దీన్ని రౌండింగ్ అంటాం. పైసలను రూపాయికి సవరించడం నేరం కాదు, సవరించిన పైసలు ఏ ఖాతాలో వేశామో రాసుకోకపోతే మాత్రం ఆడిటరు ఊరుకోడు. రాజ్యాంగంలో 1956లో చేర్చిన 350-ఎ, 350-బి అధికరణాలు ఆ ఖాతా. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు, అల్పసంఖ్యాక భాషలవారికి ఒక ప్రత్యేకాధికారి. ఆంధ్ర, మద్రాసు హద్దు తగాదాలో పటాస్కర్ గారు గ్రామాన్ని కొలబద్దగా తీసుకుని తీర్పు చెబితే, 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి అటూ, సత్యవేడు ఇటూ మారాయి. ఆ గీత మీద మనం రాసిన గేయాలు ఒక సంపుటికి సరిపోతాయి. 350-ఎ మీద ఎన్ని రాశాం? 2006లో తమిళనాడులో తమిళ అభ్యసన చట్టం వచ్చాక తెలుగు పిల్లల కోసం కోర్టు మెట్లు ఎక్కినవాళ్లు చేతపట్టుకున్నది పటం కాదు, రాజ్యాంగ అధికరణాలు.

అందుకే మన సరిహద్దు సాహిత్యం మీద నా ఫిర్యాదు ఇది. మనం ముందు పేజీ చూసి ఏడుస్తున్నాం. గీత ఇటు కాకుండా అటు ఉంటే అంతా బాగుండేదన్నట్టు రాస్తున్నాం. ఆ రాతల్లో పక్క చేనువాడు ఎక్కడా లేడు. ఉంటే దొంగగా ఉన్నాడు. హోసూరు సంతలో మూడు భాషల్లో బేరమాడే ముసలమ్మ ఏ గేయంలోనూ నాకు కనబడలేదు. బరంపురంలో తెలుగింటికి ఒరియా కోడలు వస్తే ఆ వంటింట్లో ఏ మాట నిలిచిందో ఏ కథా చెప్పలేదు. నా రెండు వ్యాసాలూ ఇందులో కలిపే చెబుతున్నాను.

మా నాన్నగారు హోసూరు తాలూకాలో కరణంగా ఉండేవారు. 1980లో తమిళనాడు ప్రభుత్వం ఆ పాత గ్రామోద్యోగాలను రద్దు చేసినప్పుడు రికార్డులన్నీ అప్పజెప్పేశారు, గుడ్డ మీద అంటించిన గ్రామ పటంతో సహా. సొంతానికి రాసుకున్న ఒక నోటుపుస్తకం మాత్రం ఇంట్లో ఉండిపోయింది. ఎడమవైపు సర్వే నంబరు, కుడివైపు ఆ చేనును ఊళ్లో పిలిచే పేరు. దాసరోళ్ల మిట్ట, చింతమాను కుంట, బోయక్క చేను, ఇలా. ప్రభుత్వ పటంలో ఇవేవీ లేవు, నంబర్లే ఉన్నాయి. చిన్నప్పుడు బోయక్క ఎవరని అడిగితే, నాన్నగారు "ఆమె పోయి నూరేళ్లయిందిరా, చేను ఇంకా ఆమెదే" అన్నారు.

2009లో నాకు షోలాపూరు బదిలీ అయినప్పుడు పాత ఇల్లు ఖాళీ చేశాం. అటక మీది కాగితాలన్నీ కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేశాను. ఆ నోటుపుస్తకం అందులో పోయింది. ఊరివాళ్ల దస్తావేజులకు ఇనప బీరువా, రెండు తాళాలు, రెండు సంతకాలు పెట్టి కాపలా కాసేవాణ్ణి నేనే. ఆ రోజు తూకానికి 64 రూపాయలు వచ్చాయి. అంకెలు మరచిపోయే అలవాటు నాకు లేదు.

ఇప్పుడు నాకు గుర్తున్న పేర్లు పదకొండు. పోయిన సంక్రాంతికి ఊరు వెళ్లి, ఇంకా మిగిలిన ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లను అడిగితే మరో తొమ్మిది దొరికాయి. ఆ తొమ్మిదింటిలో నాలుగు కన్నడం, రెండు తమిళం. ఒక చేనుకైతే మూడు భాషల్లోనూ పేరుంది, మూడూ వేరు వేరు పేర్లు. తెలుగు పేరు చెప్పినాయన తమిళుడు. ఈ ఇరవై పేర్లూ నంబర్లతో సహా సంపాదకులకు పంపుతున్నాను, చోటుంటే వేస్తారు. మీ ఊళ్లవి మీ దగ్గరుంటే, ముఖ్యంగా కరణాల ఇళ్లవాళ్లు, అటక దులిపే ముందు ఒకసారి చూడండి.